అవసరమైతే కారు అమ్మేస్తానంటున్నారు, కొనేవాడు ఆ వారం దొరుకుతాడా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 1,18,000 రూపాయలు వస్తాయి. పెట్రోల్ కార్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పాతికేళ్లలో ఆరు కార్లు మార్చాను. ఇప్పుడు 2001 హోండా సిటీ వీటెక్ నా దగ్గర ఉంది. గుంటూరు దగ్గర మా ఊళ్లో ఒక ఫియట్ పాలియో 1.6 ఆగి ఉంది. దానికి ఒకాయన 1.6 లక్షలు ఇస్తానన్నాడు కానీ నాకు ఇవ్వబుద్ధి కాలేదు. తెలిసినవాళ్లు 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ అమ్ముతుంటే 25,000 బయానా ఇచ్చాను. అది కొని, సిటీకి ఇంజన్ పని చేయించి టర్బో (ఇంజన్ బలం పెంచే పరికరం) పెట్టించడానికి మొత్తం 8 లక్షలు కావాలి. హోమ్ లోన్ ఈఎంఐ 34,000, అమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు 45,000, పాప ఇంటర్ ఫీజు నెలకు 12,000 పడుతుంది. అల్లాయ్ వీల్స్, టైర్లు కార్డు మీద తీసుకున్నాను, 6,800 చొప్పున ఇంకా ఏడు నెలలు కట్టాలి. కార్ల మీద నెలకు 9,000 అవుతుంది. నిరుడు పెయింటింగ్ కోసం మా ఆవిడ గాజులు పెట్టి 1.4 లక్షల గోల్డ్ లోన్ తీసుకున్నాను. బ్యాంకులో 70,000, పీఎఫ్‌లో 16 లక్షలు ఉన్నాయి. ఏటా బోనస్ 1.4 లక్షలు వస్తుంది. కంపెనీ హెల్త్ పాలసీ 3 లక్షలు. పర్సనల్ లోన్ తీసుకోనా, చిట్టీ పాడనా, పీఎఫ్ తీయనా? పాత కార్ల ధరలు పెరుగుతున్నాయి కదా, ఇదీ పెట్టుబడే అనుకుంటున్నాను. అవసరమైతే అమ్మేయొచ్చు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది 8 లక్షల సంగతి కాదు, చివరి మాట. ‘అవసరమైతే అమ్మేయొచ్చు.’ స్థలాలు కొన్నవాళ్లు, బుల్లెట్లు దాచుకున్నవాళ్లు, పాత కార్లు పెంచుకునేవాళ్లు అందరూ నాతో ఇదే మాట అంటారు. అందుకే ఎన్నో ప్రశ్నల మధ్య మీది తీసుకున్నాను.

ముందు మీ ఇంటి లెక్క చూద్దాం. కార్ల ఖర్చు పక్కన పెట్టినా, నెల తిరిగేసరికి తప్పనిసరిగా కట్టాల్సింది 97,800 రూపాయలు. మీ చేతిలో ఉన్నది 70,000. రేపు ఉద్యోగం పోతే ఈ ఇల్లు నడిచేది మూడు వారాలు. 46 ఏళ్ల వయసులో, ఇంట్లో పెద్దావిడను, ఇంటర్ చదివే పిల్లను పెట్టుకుని మూడు వారాల డబ్బుతో బతుకుతున్నారు. మీ జీతం తక్కువేం కాదు. పాతికేళ్లుగా మిగిలిన ప్రతి రూపాయీ షెడ్డుకే వెళ్లింది, అంతే.

ఇప్పుడు లోన్ సంగతి. 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు 8 లక్షలు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 18,600 పడుతుంది. వడ్డీకే 3.17 లక్షలు పోతాయి. అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు మిగిలేది 11,200. తక్కువపడే 7,400 బోనస్‌లోంచి కడతానంటారేమో. బోనస్ రాని ఏడాది ఏం చేస్తారు? టైర్లకు కార్డు, పెయింట్‌కు గాజులు, ఇంజన్‌కు పర్సనల్ లోన్. పోయినసారి అప్పు తీరకముందే ప్రతిసారీ ఇంకో అప్పు చేస్తున్నారు. ఇది సరదా ఖర్చు దశ దాటిపోయింది. గట్టిగా చెబుతున్నందుకు ఏమనుకోకండి, ఈ లోన్ తీసుకోవద్దు. చిట్టీ పాడినా అది అప్పే, పాటలో తగ్గించుకున్న సొమ్మే వడ్డీ. పీఎఫ్ మీ ముసలితనానికి, దాని జోలికి వెళ్లకండి.

ఇక అమ్మడం గురించి. మామూలు స్విఫ్ట్ అయితే ఫోన్‌లో పెట్టిన రెండు రోజుల్లో ఎవరో ఒకరు వస్తారు. టర్బో పెట్టిన 2001 సిటీని కొనేవాడు ఊరికి పదిమంది కూడా ఉండరు. ఆ పదిమందికీ మీ అంత పిచ్చి ఉంటుంది, బేరం కూడా బాగా వచ్చు. ‘ఈ పని ఎవరు చేశారు, ఆ బోల్టులు ఒరిజినలేనా’ అని రెండు వారాలు తిప్పుతారు. మీరు ఇంజన్ పైభాగమైన హెడ్ మీద, పొగగొట్టం ఎగ్జాస్ట్ మీద పోసిన డబ్బు ధరలో తిరిగి రాదు. మార్పులు చేసిన బండికంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచిన బండికే ఎక్కువ ఇచ్చేవాళ్లు చాలామంది. 2000లో ఆ 1.5 లీటర్ల వీటెక్ ఇంజన్ వచ్చినప్పుడు దాని 106 హార్స్‌పవర్ గురించి ఎంత చెప్పుకున్నారో మీకు నాకంటే బాగా తెలుసు. దాన్ని కదిలించకుండా ఉంచడమే దాని విలువ కాపాడటం.

కాగితాలు కూడా మీరు అనుకున్నంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో, మార్చిన ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ అని చట్టంలో చేరింది. 2001 కారుకు 2016లో పదిహేనేళ్లు నిండాయి, అక్కడి నుంచి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్. అంటే 2021లో ఒకటి, 2026లో ఇంకొకటి. అది అయిందో లేదో మీరు రాయలేదు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఫీజు పెద్ద విషయం కాదు, బండిని ఇన్‌స్పెక్షన్‌కు తీసుకెళ్లడమే అసలు విషయం. టర్బో, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్‌తో (పొగ అడ్డు లేకుండా పోయేలా మార్చిన గొట్టం) వెళ్తే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. ఆర్సీ ఆగిపోయిన బండిని అర్జెంటుగా ఎవరి పేరు మీదకు మారుస్తారు?

కొందరు ‘ఇంకొన్నాళ్లు ఉంచితే వింటేజ్ అవుతుంది’ అంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ అనడానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. మీ సిటీకి అది 2051లో. అప్పటికీ అసలు రూపం పెద్దగా మారకుండా ఉండాలి. మామూలు రోజుల్లో రోడ్డు మీద తిప్పడానికీ వీల్లేదు.

2020లో నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇప్పటికీ గుర్తుంది. ఆయనకూ ఇలాంటి కారే. మార్చిలో ఇంజన్ దించారు, క్రాంక్ లేత్ పనికి వెళ్లింది. లాక్‌డౌన్ పడింది. మెకానిక్ సొంతూరు వెళ్లిపోయాడు, లేత్ షాపు మూసేశారు, ఏప్రిల్ నుంచి జీతం సగం. కారు స్టాండ్ల మీద, ఇంజన్ మూడు అట్టపెట్టెల్లో. అప్పటిదాకా ‘నా దగ్గర నాలుగు లక్షల కారుంది’ అనుకున్న మనిషి దాన్ని చివరికి ముక్కలుగా అమ్మారు. గేర్‌బాక్స్ ఒకరికి, సీట్లు ఒకరికి. అన్నీ కలిపి లక్ష కూడా రాలేదు. ఆ రోజు ఆయన ఖాతాలో నాలుగు నెలల ఖర్చు ఉంటే ఆ కారు ఇవాళ రోడ్డు మీద తిరిగేది. ఎమర్జెన్సీ ఫండ్ గురించి నేను పదే పదే చెప్పేది ఇందుకే. అది ఇంటిని కాపాడుతుంది, మీరు ప్రేమించే బండినీ కాపాడుతుంది. డబ్బు లేనప్పుడు ముందుగా పోయేది బండే.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు. కార్డు ఈఎంఐ త్వరలో తీరిపోతుంది కాబట్టి నెలకు 91,000 లెక్కన 5.46 లక్షలు. పెద్ద మొత్తంలా కనిపిస్తుంది కానీ మీ దారిలోనే ఉంది. కార్ల మీద పెట్టే 9,000లో ఇన్సూరెన్స్‌కు, పెట్రోల్‌కు, ఆయిల్‌కు 3,000 ఉంచి మిగతా 6,000 ఇటు తిప్పండి. మిగులు 11,200తో కలిపితే నెలకు 17,200. ఏడు నెలల తర్వాత కార్డు 6,800 కూడా తోడవుతుంది. బోనస్ మొత్తం దీనికే. ఇప్పుడున్న 70,000తో కలిపి ఏడాదికి 4.5 లక్షలు, ఇంకో నాలుగు నెలలకు 5.46 లక్షలు. పదహారు నెలలు. పాతికేళ్లు కార్లతో గడిపిన మనిషికి పదహారు నెలలు ఎక్కువ కాదు. రెండు నెలల డబ్బు సేవింగ్స్‌లో, మిగతాది ఎఫ్‌డీలో పెట్టండి. షేర్లలో వద్దు. ఆ ఖాతా డెబిట్ కార్డు మీ పర్సులో ఉండకూడదు, మీ ఆవిడ దగ్గర ఉంచండి.

పాలియో అమ్మేయండి. ఊళ్లో ఎండకు, వానకు ఆగిపోయి ఉన్న బండి ఏటా పాడవడమే కానీ బాగుపడదు. ఇస్తానన్న 1.6 లక్షలతో గోల్డ్ లోన్ వడ్డీతో సహా తీర్చి గాజులు ఇంటికి తీసుకురండి. ఒక పెయింట్ పని కోసం ఇంటావిడ బంగారం వేలం దాకా వెళ్లే పరిస్థితి రాకూడదు. ఇది ఈ నెలలోనే జరగాలి.

కంపెనీ 3 లక్షల హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. మీ ముగ్గురికీ సొంతంగా 10 లక్షలది తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి విడిగా తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఈ ప్రీమియాల వల్ల పదహారు నెలలు ఇరవై అయినా ఫర్వాలేదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) గురించి మీరు ఏమీ రాయలేదు, లేకపోతే అదీ ఈ నెలలోనే.

ఇక సిటీ. దాన్ని వదులుకోమని నేను అనడం లేదు. ఇన్నేళ్లు ఒక కారును నిలబెట్టడం ఎంత ఓపికో నాకు తెలుసు. ఎమర్జెన్సీ ఫండ్ నిండిన నెల నుంచి ఆ 6,000 మళ్లీ కారుకే తిప్పుకోండి, విడిగా ఒక ఖాతాలో. ఏడాదికి 72,000. ఒక ఏడాది ఇంజన్ రింగులు, వాల్వ్ సీట్లు, ఇంకో ఏడాది సస్పెన్షన్, ఆ తర్వాత డెంటింగ్. హెడ్ దించాక ఏం బయటపడుతుందో ముందు ఎవరూ చెప్పలేరు కాబట్టి మెకానిక్ చెప్పిన అంచనాకు సగం కలిపి, అంత డబ్బు చేతిలో ఉన్నాకే బండి షెడ్డులో పెట్టండి. టర్బో ఆలోచన మానుకోండి. ఇప్పటికే మార్చిన అల్లాయ్ వీల్స్ లాంటివి పాలసీలో రాయించారో లేదో చూసుకోండి. చెప్పకుండా దాచిన మార్పులుంటే మీ బండి నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అవకాశం ఇచ్చినట్టే. ఐదేళ్లు దాటిన కారు విలువను మీరూ ఇన్సూరెన్స్ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. వాళ్లు పెట్టిన అంకెకు ఊరికే సంతకం చేయకుండా ఫోటోలు, బిల్లులు చూపించి అడగండి. తీసేసిన ఒరిజినల్ పార్టులు ఒక్కటి కూడా పారేయకండి.

ఆక్టేవియా ఆర్ఎస్ మంచి కారే. 1.8 టర్బో, 150 హార్స్‌పవర్, 2004లోనే మన రోడ్ల మీదకు వచ్చింది. కానీ ఇరవై ఏళ్ల టర్బో బండిని అప్పుతో కొంటే మొదటి టైమింగ్ బెల్టు, మొదటి టర్బో పని కూడా అప్పుతోనే చేయిస్తారు. ఈ వారమే అమ్మేవాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పండి. బయానా 25,000 అడిగి చూడండి. వాళ్లు తిరిగి ఇవ్వం అంటే గొడవ పడకుండా వదిలేయండి, లోన్ వడ్డీలో పోయే 3.17 లక్షల ముందు అది చిన్న మొత్తం. ఆ ఫోన్ పెట్టేశాక పాలియో అడిగినాయనకు చేయండి.