పాత స్టాంపుల వెనక కాగితం తీయాలా? ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి

మీ ప్రశ్న ఇదీ: తాతగారి పాత స్టాంపులు దొరికాయి, కొన్నిటి వెనక కవరు కాగితం ముక్క అతుక్కుని ఉంది, కొన్ని ఇంకా కవర్ల మీదే ఉన్నాయి, స్టాంపు చిరగకుండా ఆ కాగితం ఎలా తీయాలి?

నలభై ఏళ్లకు పైగా ఈ పిచ్చి ఉన్నవాడిని. ఒక స్టాంపును ఎన్ని రకాలుగా పాడు చేయొచ్చో అన్ని రకాలుగానూ పాడు చేశాను, కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నా.

వెనక ముక్క మాత్రమే ఉన్నవాటిని నీళ్లలో నానబెట్టండి. కవర్ల మీద ఉన్నవాటి జోలికి వెళ్లకండి. ఎందుకో చెప్పాలంటే 1979 వేసవికి వెళ్లాలి.

కాకినాడలో మా ఇల్లు. నాకు పన్నెండేళ్లు. ఆవకాయ జాడీల కోసం నాయనమ్మ నన్ను అటక ఎక్కించింది. జాడీల వెనక ఒక రేకు పెట్టె, దాన్నిండా ఉత్తరాలు. ఎక్కువ భాగం మా పెద్ద తాతయ్య, అంటే తాతయ్య వాళ్ల అన్నయ్య, రంగూన్ నుంచి రాసినవి. అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసేవాడట. ఆ రోజుల్లో మా వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లకు లెక్కే లేదు. బర్మాలో మనవాళ్లందరికీ కోరంగీలని పేరు. కోరంగి మా ఊరికి కూతవేటు దూరం.

ఆ కవర్ల మీద ఐదో జార్జి బొమ్మ, ఆ బొమ్మ మీద నల్లగా ‘బర్మా’ అని అచ్చు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. సొంత బొమ్మలతో స్టాంపులు మరుసటి ఏడాదికి గానీ రాలేదు. ఈలోగా మన స్టాంపుల మీదే ఆ పేరు కొట్టి అమ్మారు. ఇదంతా తర్వాత తెలిసింది లెండి. అప్పుడు నాకు తెలిసిందల్లా స్టాంపంటే ఆల్బమ్‌లో పెట్టుకునేది, కవరంటే చెత్త అని.

కత్తెర తీసుకుని స్టాంపు పళ్ల అంచు వెంబడే కోసేశాను. ఒకటీ రెండూ కాదు, ముప్పై పైగా. నాయనమ్మ ఇత్తడి బేసిన్‌లో నీళ్లు పోసి అన్నీ ఒకేసారి పడేశాను. పెట్టెలో ఎవరిదో పెళ్లి శుభలేఖ కూడా ఉంటే దాని కవరు ముక్కనీ కోసి అందులోనే వేశాను. శుభలేఖ కవరు మూలలకి పసుపు రాస్తారుగా. పావుగంటలో నీళ్లు పచ్చబడ్డాయి. అటుగా వచ్చిన నాయనమ్మ బేసిన్‌లోకి చూసి, “ఎవరికిరా మంగళస్నానాలు?” అంది.

స్టాంపుల తెల్లటి అంచులన్నీ పసుపెక్కాయి. కంగారుపడి సబ్బు నీళ్లలో వేశాను. ఎర్రగా తిరిగాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలిసిన ఇంట్లో పుట్టి కూడా, సబ్బుతోనూ అదే జరుగుతుందని నాకు తట్టలేదు. మళ్లీ మంచినీళ్లలో వేస్తే ఎరుపు తగ్గి పసుపు మిగిలింది. ఎవరో ఎండలో పెట్టమన్నారు. నాలుగు రోజుల ఎండకి పసుపు నిజంగానే వెలిసింది, దాంతోపాటు జార్జిగారూ వెలిశారు.

అసలు నష్టం అది కాదు. మా ఇంట్లో ఏ పండక్కి నలుగురు చేరినా ఒక వాదన నడిచేది: పెద్ద తాతయ్య రంగూన్ నుంచి బయల్దేరింది బాంబులు పడక ముందా, పడ్డాకా? జపాన్ వాళ్లు రంగూన్ మీద మొదట బాంబులేసింది 1941 డిసెంబరు 23న. బాంబులు పడుతుంటే పరిగెత్తి, అడవుల వెంట నడిచొచ్చాడని నాయనమ్మ. అబ్బే, ముందే ఓడలో వచ్చేశాడు, నడక కథ తర్వాత కల్పించాడని మా పెదనాన్న. పెద్ద తాతయ్య ఆఖరి ఉత్తరం ఆ పెట్టెలోనే ఉంది. లోపల కాగితం మీద తేదీ లేదు, “క్షేమం” అని నాలుగు ముక్కలు, అంతే. కవరు మీద మాత్రం రంగూన్ ముద్ర, పక్కన యుద్ధకాలపు సెన్సారు వాళ్లు కవరు చింపి చదివి మళ్లీ అతికించిన కాగితం పట్టీ ఉన్నాయి. ఆ పట్టీ నాకు బాగా గుర్తు, ఎందుకంటే కత్తెరకి అడ్డం వచ్చిందని విసుక్కున్నాను.

ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది కదా. నా ఆల్బమ్‌లోని స్టాంపు మీద ఇప్పుడున్నది ‘గూన్’ అనే ముక్క. ‘రం’, తేదీ, సెన్సారు పట్టీ మూడూ కవరుతోపాటు నాయనమ్మ పొయ్యిలోకి వెళ్లాయి. వాదన ఇప్పటికీ తెగలేదు. ఇప్పుడు ఆ స్టాంపు విడిగా టిఫిన్ ఖర్చుకి కూడా రాదు. సెన్సారు పట్టీతో ఉన్న యుద్ధకాలపు రంగూన్ కవరు కోసం మాత్రం వెతుక్కునేవాళ్లున్నారు.

మీది హైదరాబాద్ వైపు అయితే నిజాం స్టాంపులు కూడా ఉండొచ్చు. 1931లో వచ్చిన వరసలో అణా స్టాంపు మీద చార్మినార్, నాలుగణాల దాని మీద ఉస్మాన్ సాగర్ ఉంటాయి. నిజాం స్టాంపు సంస్థానం లోపలే చెల్లేది, పొలిమేర దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు వేయాల్సిందే. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏ స్టాంపుతో వెళ్లిందో చెప్పేది కవరే. కోసేస్తే చార్మినార్ బొమ్మ ఒక్కటే మిగులుతుంది, అది చూడాలంటే సిటీ బస్సెక్కితే చాలు.

సరే, ఇక వెనక ముక్క ఉన్నవాటి సంగతి. స్టాంపు చుట్టూ వేలెడు కాగితం ఉంటే అర అంగుళం వదిలి కత్తిరించండి, పళ్ల దాకా వెళ్లకండి. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోయండి. ఆర్‌ఓ నీళ్లేం అక్కర్లేదు, కుళాయి నీళ్లు చాలు. బొమ్మ పైకి, కాగితం కిందికి ఉండేలా నీళ్ల మీద తేలనివ్వండి. పది పన్నెండు కంటే ఎక్కువ ఒకేసారి వద్దు. ఇరవై నిమిషాల్లో చాలావరకు స్టాంపు దానంతట అదే జారుతుంది. జారకపోతే ఇంకో అరగంట ఆగండి. ఈ పనిలో చెడిపోయే స్టాంపుల్లో ముప్పాతిక వంతు ఆగలేక లాగినవే, ఇందులో నాకు అనుమానం లేదు.

లాగక తప్పకపోతే స్టాంపును బోర్లా పరిచి వేలితో అదిమిపట్టి, కాగితాన్ని వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగండి. స్టాంపునే పట్టుకుని లాగితే దాని వెనక పొర లేచిపోతుంది. పైకి ఏమీ తెలియదు, లైటుకి ఎదురుగా పెడితే ఆ చోట పలచగా వెలుతురు కనిపిస్తుంది. కొనేవాడు మొదట చూసేది దాన్నే.

కాగితం ఊడాక వెనక వేలు పెట్టి చూడండి. జారుడుగా తగిలితే జిగురు ఇంకా ఉన్నట్టే. రెండోసారి మంచినీళ్లలో కడగండి, లేకపోతే ఆరాక ఆల్బమ్‌కి అతుక్కుని మళ్లీ మొదటికొస్తుంది. న్యూస్‌పేపర్ మీద మాత్రం ఆరేయకండి. నా గాంధీ స్టాంపు ఒకటి, 1948 ఆగస్టు 15న వచ్చిన అణాన్నర స్టాంపు, స్విట్జర్లాండ్‌లో అచ్చువేసింది, ఒక మూల హిందీలో, ఉర్దూలో ‘బాపు’ అని రాసి ఉంటుంది, దాని మీద సినిమా ప్రకటనలోని సగం మీసం దిగింది. తెల్ల కాగితం మీద బోర్లా ఆరేసి, కొంచెం తడి ఉండగానే రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన లావుపాటి నిఘంటువు ఒక రాత్రి ఉంచండి. మా ఇంట్లో నిఘంటువు తీసేది ఇందుకే.

ఎరుపు, నీలం, ఖాకీ కవర్ల ముక్కలు విడివిడిగా నానబెట్టాలి, రంగు దిగుతుంది. పసుపు గురించి మళ్లీ చెప్పను. సిరాతో రాసి కొట్టేసినవి నీళ్లలో వేస్తే సిరా పాకుతుంది. కొన్ని స్టాంపుల రంగే నీళ్లకి నిలవదు. 1866లో మొదలైన కశ్మీరు సంస్థానం స్టాంపుల్లో నీటి రంగులతో కొట్టినవున్నాయి. బ్రిటన్‌లో 1883, 84లలో వచ్చిన ఊదా, ఆకుపచ్చ స్టాంపులకైతే ముద్ర తుడిచి మళ్లీ వాడే దొంగల కోసమని కావాలనే కరిగిపోయే రంగులు వాడారు. అలాంటివి కనబడితే కాగితంతోనే ఉంచేయండి.

పాత స్టాంపుల వెనక ఉండేది నీటికి కరిగే జిగురే. ఇబ్బంది పెట్టేది మన జనం అదనంగా పూసింది. తాతల కాలంలో అన్నం మెతుకు పెట్టి నొక్కేవారు, అది ఓపిగ్గా నానితే వదులుతుంది. మైదా ఉడకబెట్టిన జిగురూ అంతే. ఫెవికాల్ పూసింది మాత్రం తెల్లగా ఉబ్బుతుంది గానీ తేలిగ్గా వదలదు. ఇప్పుడు చాలా దేశాల్లో వస్తున్న స్టిక్కర్ స్టాంపుల్లో కొన్నిటి జిగురు నీళ్లకి లొంగదు, వాటిని కాగితంతో సహా కత్తిరించి దాచుకోవడమే మేలు. వీడియోల్లో చూపించే ఇస్త్రీపెట్టె వైద్యం ఎవరూ చేయకండి, దండం పెడతాను.

అసలు ఈ రోజుల్లో నానబెట్టడానికి స్టాంపులేవీ? కౌంటర్‌లో బార్‌కోడ్ చీటీ అంటించి పంపేస్తున్నారు. 2025లో రిజిస్టర్ పోస్టునీ స్పీడ్ పోస్టులో కలిపేశారు. పొరపాటున ఎవరైనా స్టాంపు అంటించి పంపినా, దారిలో ఎవరో బాల్ పెన్నుతో రెండు గీతలు కొడతారు. గుండ్రంగా ఊరి పేరు, తేదీ కనబడేలా ముద్ర పడి మా ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో.

వాడని కొత్త స్టాంపులు వానాకాలం చెమ్మకి ఒకదానికొకటి అంటుకుని ఉంటే వాటిని నీళ్లలో ముంచకండి, వెనక జిగురు పోతే విలువా పోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి స్పాంజి, దాని మీద చిన్న జల్లెడ లాంటిది, జల్లెడలో స్టాంపులు పెట్టి మూత వేయండి. కొన్ని గంటల్లో ఆ ఆవిరికే మెత్తబడి విడిపోతాయి. మధ్యమధ్యలో తీసి చూస్తుండండి, రాత్రంతా వదిలేస్తే బూజు పడుతుంది.

కవర్ల మీద ఉన్నవాటిని కత్తిరించకుండా, కవరుకి రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ముద్రలో ఊరి పేరు, తేదీ చదవగలిగితే అవి కూడా రాయండి. రంగూన్ అని ఉంటే మా పెదనాన్నకి కూడా చూపిస్తాను.