మ్యూరెన్‌కి చలికాలంలోనా, ఎండాకాలంలోనా?

చిన్నీ,

స్విట్జర్లాండ్ కొండల్లోని మ్యూరెన్‌లో అత్తగారికీ మామగారికీ మంచూ చూపించాలి, పచ్చికా చూపించాలి అని ఏప్రిల్‌కి టికెట్లు వెతుకుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఏప్రిల్ వద్దమ్మా. ఊళ్లో మంచు సగం కరిగి బురదగా ఉంటుంది, పై దారులింకా తెరవరు, చాలా హోటళ్లు మూసేస్తారు, కేబుల్ కార్లు కూడా మరమ్మతులకని కొన్నాళ్లు ఆపుతారు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. నవంబరూ అంతే. జనవరో, జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోపో, ఏదో ఒకటి తేల్చుకో.

ఊరు మాత్రం మ్యూరెనే. 1,638 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉంటుంది, టూరిస్టుల కార్లు రావు, ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ ఎదురుగానే. గది చవగ్గా దొరికిందని చలికాలంలో కింద లోయలోని లౌటర్‌బ్రున్నెన్ ఊళ్లో దిగకు, రెండు పక్కలా నిట్టనిలువు కొండలు కదా, అక్కడ ఎండ వచ్చినట్టే వచ్చి పోతుంది. మ్యూరెన్ చేరాలంటే లౌటర్‌బ్రున్నెన్ నుంచి కొండ మీది గ్రూట్షాల్ప్ స్టేషన్‌కి కేబుల్ కారు, అక్కడ చిన్న రైలు మారాలి, కాబట్టి పెద్ద సూట్‌కేసులు ఇంటర్‌లాకెన్ స్టేషన్ లాకర్లో పడేసి రండి.

చలికాలమైతే నా భయమంతా చలి గురించి కాదు, జారుడు గురించి. పగలు కరిగిన మంచు సాయంత్రానికి గాజులా గడ్డకడుతుంది, మామగారి స్పోర్ట్స్ షూ దాని మీద ఒక్క అడుగు నిలవదు. షూకి తగిలించుకునే ముళ్ల పట్టీలు కొను, అత్తగారికి చీర కింద ఉన్ని లెగ్గింగ్స్, చీలమండలు కప్పే బూట్లు. ఒక్క బరువైన కోటు కన్నా మూడు పలచటి పొరలు నయం, గదిలో హీటర్‌కి చెమట పడుతుంది మరి. నడవడానికి గులాబీ రంగు బోర్డులున్న దారులే పట్టండి, అవి చలికాలపు నడకదారులు. నల్ల కళ్లద్దాలు మర్చిపోకు, మంచు మీద ఎండ కళ్లు తెరవనివ్వదు.

ఎండాకాలంలో పసుపు బోర్డుల మీద దూరం ఉండదు, గంటలే రాస్తారు. అవి ఆగకుండా నడిచేవాళ్లకి రాసిన గంటలు, మీరు రెట్టింపు వేసుకోండి. గ్రూట్షాల్ప్ నుంచి మ్యూరెన్ దాకా రైలు పట్టాల పక్కనే దారి ఉంది, పెద్ద ఎత్తుపల్లాలు లేవు, మోకాలు మొరాయిస్తే మధ్యలో వింటరెగ్‌లో రైలెక్కేయొచ్చు. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పట్టుకోవచ్చు. దూడ ఉన్న ఆవు దగ్గర సెల్ఫీలు వద్దు, మన ఇంటి గంగిగోవనుకుని అత్తగారు నిమరబోతారు, ముందే చెప్పు. ఫొటో కోసం గడ్డి తొక్కకండి, అది శీతాకాలానికి వాళ్ల పశువుల మేత.

యుంగ్‌ఫ్రౌ పక్కన రైల్లో వెళ్లే మంచు కనుమ యుంగ్‌ఫ్రౌయోఖ్ 3,454 మీటర్లు, టికెట్ చాలా ఖరీదు. పొద్దున లేచి వెబ్‌క్యామ్‌లో శిఖరం కనిపిస్తేనే కొను. మామగారికి బీపీ అన్నావు, డాక్టర్ని అడిగాకే పైకి.

వంటగది ఉన్న ఫ్లాటే తీసుకో. మ్యూరెన్ ఎత్తున నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. చిన్న కుక్కర్ తెచ్చుకో, లేదా పెసరపప్పుతో సరిపెట్టు. ఆదివారం కొట్లు మూసి ఉండొచ్చు, శనివారమే పాలూ పెరుగూ కొనిపెట్టుకో.

నన్నడిగితే జూలై అంటాను, కానీ మామగారి మోకాలి సంగతి కనుక్కుని ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న