రష్ బ్యాండ్ అంటే కొందరికి ప్రాణం, కొందరికి చిరాకు. ఎందుకలా?

మొదటి కారణం గొంతే. కెనడాకు చెందిన ఈ ముగ్గురి రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ పాడేది గెడ్డీ లీ. 1970ల రికార్డుల్లో ఆయన గొంతు ఎంత పైస్థాయిలో, ఎంత పదునుగా ఉంటుందంటే, ఒక్క పాటతోనే మీరు ఏ పక్షమో తేలిపోతుంది.

తర్వాత సాహిత్యం. 1974లో చేరిన డ్రమ్మర్ నీల్ పియర్ట్ పాటలు కూడా రాసేవాడు. ప్రేమా విరహం తక్కువ, సైన్స్ ఫిక్షన్, తత్వం ఎక్కువ. 1976 నాటి '2112' ఆల్బమ్‌లో టైటిల్ పాటే దాదాపు 20 నిమిషాలు! పైగా అందులో రచయిత్రి అయన్ రాండ్‌కు కృతజ్ఞత చెప్పుకున్నారు. వ్యక్తి స్వేచ్ఛే సర్వస్వం అనే ఆమె భావాలు నచ్చని విమర్శకులకు ఇది మంచి ఆయుధమైంది. తన ఆలోచనలు మారాయని పియర్ట్ తర్వాత చెప్పినా ఆ ముద్ర అంత తేలిగ్గా పోలేదు.

వాయిద్యం మీద వాళ్ల పట్టును మాత్రం తిట్టేవాళ్లూ కాదనరు. "అంతా లెక్కలే, మనసుకు తాకదు" అంటారంతే. నాకు ఆ లెక్కలే ఇష్టం.

అభిమానులైనా ఒక్కటిగా ఉన్నారా అంటే, అదీ లేదు. 1982లో 'సిగ్నల్స్' ఆల్బమ్‌తో సింథసైజర్లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు) ముందుకొచ్చి, అలెక్స్ లైఫ్‌సన్ గిటార్ వెనక్కి తగ్గింది. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు.