సిటీ డాక్టరు మందు రాస్తారు, పిల్లాణ్ని చూసుకునేది ఊరి డాక్టరే

"మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ అన్నారు, ప్రతిసారీ సిటీకే తిప్పాలా, మా ఊళ్లో ఎంబీబీఎస్ డాక్టరు చూడలేరా" అని అడిగారు. చూడగలరు. ఏడీహెచ్‌డీ అంటే పిల్లలకు ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం. జబ్బు తేల్చడం, మందు మొదలుపెట్టడం స్పెషలిస్టుకే వదిలేయండి. ఆ తర్వాత నెలనెలా కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం ఊరి డాక్టరే.

మాది తణుకు. మావాడు ఇంటర్ ఫస్టియర్. తొమ్మిదో తరగతిలో విజయవాడ తీసుకెళ్తే ధ్యాస నిలిపే మందు మిథైల్‌ఫెనిడేట్ రాశారు. బాగా పనిచేసింది. వాడి లెక్కల నోట్సు మధ్యలో ఆగకుండా చివరి పేజీ దాకా నిండటం అప్పుడే మొదటిసారి చూశాను.

పోయిన సెప్టెంబర్లో ఒక శుక్రవారం సాయంత్రం చూస్తే రెండే మాత్రలు మిగిలాయి. సోమవారం నుంచి పరీక్షలు. వాణ్ని స్కూటీ వెనక ఎక్కించుకుని మెడికల్ షాపులన్నీ తిరిగాను. ఎక్కడా లేవు. ఒకాయన చీటీ చూసి, పదిమందీ వినేలా "ఇలాంటి మత్తుమందులు మేం అమ్మమండీ" అన్నాడు. మావాడు తల దించుకుని వెళ్లి బండి దగ్గర నిలబడ్డాడు. అది నేను మర్చిపోలేను.

అటు నుంచి అటే మా ఫ్యామిలీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. "ఇది షెడ్యూల్ ఎక్స్ మందమ్మా, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది. అమ్మాలంటే విడిగా లైసెన్సు ఉండాలి. చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అందుకే ఇక్కడెవరూ పెట్టరు" అని విడమర్చి చెప్పారు. అన్నాళ్లుగా వాడుతున్నాం, ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు!

తర్వాత వాణ్ని బరువు మిషనెక్కించారు. 46 కిలోలు. వేసవిలో జ్వరానికి వెళ్లినప్పుడు 50 ఉన్నాడు. "ఏం నాన్నా, మధ్యాహ్నం తింటున్నావా?" అని వాణ్నే అడిగారు. ఆకలెయ్యట్లేదనీ, క్యారేజీ స్నేహితుడికి ఇచ్చేస్తున్నాననీ అప్పుడు బయటపెట్టాడు. నేనేమో రోజూ ఖాళీ గిన్నెలు చూసి తింటున్నాడనే అనుకున్నాను. విజయవాడలో మాకు దొరికే ఐదు నిమిషాలూ మార్కుల గురించే సరిపోయేది.

ఆయన అప్పటికప్పుడే స్పెషలిస్టుకి ఫోన్ చేసి మాట్లాడారు. మాత్రకు ముందే కడుపునిండా టిఫిను, మందు పట్టు తగ్గాక రాత్రి భోజనం, పడుకునే ముందు పాలు అని చెప్పారు. మాత్రలకు మావారు పొద్దున్నే విజయవాడ బస్సెక్కారు. అప్పట్నుంచి నెలకోసారి క్లినిక్‌లో బరువు, ఎత్తు, బీపీ, నాడి చూసి ఒక నోటుబుక్కులో రాస్తున్నారు. మూడు నెలలకోసారి ఆ పుస్తకమే విజయవాడ పట్టుకెళ్తాం. ఎంత పేరున్న డాక్టరైనా సరే, ఈ మందు ఇస్తూ బరువు చూడకపోతే మార్చేయండి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం, 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. ఆ బృందాలు వెళ్లేది సర్కారు బడులకూ ఎయిడెడ్ బడులకూ. ప్రైవేటులో చదివే మావాడిని ఎవరు చూస్తారు? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) ఉంది గానీ ఏడీహెచ్‌డీ పేరు లేదు. పరీక్షలో అదనపు సమయం అడుగుదామంటే ఏ కాగితం చూపించాలి?

మీరు ఈసారి వెళ్లినప్పుడు చీటీ రెండు కాపీలు రాయించుకోండి. ఇంకా పది రోజుల మాత్రలు ఉండగానే బయల్దేరండి.