ఉపవాసం సరే, ముందు ఆ బిళ్ల పేరేంటో చూడండి

మీ నాన్నగారికి 62 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, వీడియోలు చూసి రోజూ పదహారు గంటల ఉపవాసం మొదలుపెడతానంటున్నారు, చేయనివ్వొచ్చా అని కదా అడిగారు. నేను డాక్టర్ని కాదండి. తొమ్మిదేళ్ల షుగర్ పేషెంట్‌ని, ఏడాదిన్నరగా ఉపవాసం చేస్తున్నదాన్ని. చేయొచ్చు, కానీ ఆయన ఏ బిళ్ల వేసుకుంటున్నారో డాక్టర్‌తో మాట్లాడకుండా మాత్రం వద్దు.

నాకు ఈ సంగతి ఓ కార్తీక సోమవారం తెలిసొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంటున్న ఉపవాసమే, సాయంత్రం చుక్క చూశాకే భోజనం. ఆ పొద్దున అలవాటు చొప్పున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల వేసేసుకున్నాను. మందు మానకూడదని అందరూ చెప్తారు కదా. తిండి మానితే ఆ మందు ఏం చేస్తుందో నేనెప్పుడూ అడగలేదు. నాలుగున్నరకి ఉసిరి దీపాలకి వత్తులు చేస్తుంటే దూది వేళ్ల మధ్య నిలవట్లేదు. నవంబరు నెలలో జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. అత్తయ్య గారు ఏదో అడుగుతున్నారు, మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావట్లేదు. మా అమ్మాయి మెషీన్ తెచ్చి వేలికి గుచ్చితే 54. 70 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది, పావుగంట ఆగి చూస్తే 81. "చుక్క పొడవడానికి ఇంకో గంటేగా" అన్న అత్తయ్య గారే లోపలికెళ్లి పెరుగన్నం కలుపుకొచ్చారు.

గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటివి మనం తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ అయితే ఇంకా జాగ్రత్త. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఇలా షుగర్ పడిపోవడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మందులది వేరే గొడవ. వాటితో గంటల తరబడి పస్తుంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోవచ్చు. మెషీన్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనబడకపోయినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు.

మా స్కూల్లో ఉర్దూ టీచర్ గారికీ షుగరే. రంజాన్‌కి నెలన్నర ముందే డాక్టర్ దగ్గరికెళ్లి ఏ మందు ఏ పూటకి మార్చాలో, ఎంత తగ్గించాలో రాయించుకొస్తారు. 70 కిందకి పడినా, 300 దాటినా ఆ రోజు రోజా విడిచేయాలని కూడా ఆవిడ చీటీలో ఉంటుంది. మనలో ఏకాదశి ఉపవాసానికి డాక్టర్‌ని అడిగినవాళ్లని ఎప్పుడైనా చూశారా?

నేనూ వెళ్లాను, కాకపోతే 54 చూశాక. డాక్టర్ గారు గ్లిమెపిరైడ్ తీసేసి, పదహారు గంటలు వద్దు, పద్నాలుగుతో మొదలుపెట్టమన్నారు. రాత్రి ఏడుకల్లా తినేస్తాను, పొద్దున తొమ్మిదికి స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ డబ్బా తెరుస్తాను. మధ్యలో మంచినీళ్లే. మొదటి మూడు వారాలు పరగడుపు షుగర్ తగ్గకపోగా 160 దాటింది. ఏడుపొచ్చింది. తెల్లవారుజామున లివర్ తనంతట తనే గ్లూకోజ్ వదులుతుందట, ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దన్నారు. ఆరు నెలలకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 నుంచి 7.1కి, బరువు 74 కిలోల నుంచి 68కి వచ్చాయి. అదంతా ఉపవాసం మహిమేనా అంటే ఒట్టేసి చెప్పలేను. రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చుని తినే జంతికలు కూడా ఆగాయి మరి.

ఫలహారాల సంగతి కూడా చూసుకోండి. శనివారం ఒంటిపూట అని అన్నం మానేసి రాత్రికి బొంబాయి రవ్వ ఉప్మా, రెండు అరటిపళ్లు తినేదాన్ని. ఓసారి రెండు గంటలయ్యాక చూసుకుంటే 240. అన్నం తిన్న రోజు కంటే ఎక్కువ! సగ్గుబియ్యం కూడా పిండిపదార్థమే.

ఇక షుగర్ పూర్తిగా పోతుందా అంటే, 2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీల ఆహారమే ఇస్తే, ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. కానీ వాళ్లందరికీ షుగర్ వచ్చి ఆరేళ్ల లోపే, ఇన్సులిన్ వాడేవాళ్లు లేరు. పైగా అక్కడ పనిచేసింది బరువు తగ్గడం, గంటల లెక్క కాదు. మీ నాన్నగారికి పదేళ్లయింది కాబట్టి అంత ఆశ పెట్టుకోవద్దని నా అభిప్రాయం. వీడియోల్లో ఉపవాసానికి నోబెల్ బహుమతి వచ్చిందని కూడా చెప్తుంటారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమి గారికి వచ్చింది, కణాలు తమలోని పాత భాగాల్ని తామే ఎలా అరిగించుకుంటాయో ఈస్ట్ కణాల మీద చేసిన పరిశోధనకి, షుగర్ పేషెంట్ల మీద కాదు.

కిందటి కార్తీకంలో కూడా సోమవారాలు ఉన్నాను. మధ్యలో పల్చటి మజ్జిగ, మెట్‌ఫార్మిన్ రాత్రి భోజనం అయ్యాకే. మెషీన్ దేవుడి గూట్లోనే పెట్టుకున్నాను. రెండు గంటలకోసారి "గుచ్చుకున్నావా?" అని అత్తయ్య గారే వచ్చి అడిగేవారు.