డీకిమ్ పాస్ అయితే ఆ మెయిల్‌ను నమ్మొచ్చా?

డీకిమ్ అంటే ఒక డొమైన్ పేరుతో మెయిల్‌కు పెట్టే డిజిటల్ సంతకం. పాస్ అన్న ఒక్క మాట చూసి నమ్మొద్దు. ఎవరి సంతకం పాస్ అయిందో చూడాలి. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్'కి వెళ్ళండి. డీకిమ్ పక్కన కనిపించే డొమైనే సంతకం పెట్టింది. హెడర్‌లో (మెయిల్ వివరాలుండే పై భాగం) 'డీ=' తర్వాత ఉండేదీ అదే. ఫ్రమ్‌లో మీ బ్యాంకు ఉండి అక్కడ ఇంకెవరిదో డొమైన్ ఉంటే, ఆ పాస్ మీ బ్యాంకు గురించి ఏమీ చెప్పడం లేదు. సొంత డొమైన్ కొనుక్కుంటే మోసగాడి సంతకమూ పాస్ అవుతుంది. పాస్ అయిన డొమైన్‌కు ఫ్రమ్‌తో పొంతన కుదిరిందా అని చూసే పద్ధతి డీమార్క్.

అదీ పాస్ అయి మోసం జరిగిన ఘటన 2025 ఏప్రిల్‌లో బయటపడింది. ఎథీరియం నేమ్ సర్వీస్ (బ్లాక్‌చెయిన్ అడ్రస్‌లకు పేర్లిచ్చే సర్వీసు) డెవలపర్ నిక్ జాన్సన్‌కు గూగుల్ నో-రిప్లై అడ్రస్ నుంచి లీగల్ నోటీసు గురించి మెయిల్ వచ్చింది. సంతకం అసలైన గూగుల్‌దే. మోసగాడు గూగుల్ ఖాతాలోకి అనుమతి అడిగే ఒక ఓఆథ్ యాప్ తయారుచేసి, మోసపు సందేశం మొత్తాన్నీ దాని పేరుగా పెట్టాడు. ఆ యాప్‌కు తన ఖాతాలోకి అనుమతిచ్చాడు. దాంతో గూగుల్ ఆ పేరుతో సహా సెక్యూరిటీ అలర్ట్ రాసి, సంతకం పెట్టి అతనికే పంపింది. దాన్ని అక్షరం మార్చకుండా ఇతరులకు పంపేశాడు. డీకిమ్ సంతకం మెయిల్ బాడీకి, ఎంచుకున్న హెడర్లకే వర్తిస్తుంది. చివరికి ఎవరి ఇన్‌బాక్సుకు చేరిందన్నది దానికి పట్టదు. 'మెయిల్డ్-బై' దగ్గర వేరే డొమైన్ ఉంది, లింకు గూగుల్ అసలు లాగిన్ అడ్రస్‌కు కాక, ఎవరైనా పేజీ పెట్టుకోగల గూగుల్ సైట్స్‌కు పోయింది. పట్టుకోవాల్సిన ఆనవాళ్ళు అవే.

డొమైన్ ఉన్నవాళ్ళకు ఒక మాట. డీమార్క్ ఫెయిలైన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే చోట 'పీ=నన్' (ఏమీ చేయొద్దు) పెట్టి ఏళ్ళ తరబడి వదిలేయడం పెద్ద నిర్లక్ష్యం. దొంగ మెయిల్‌ను ఆపమని మీరు అసలు అడగనే లేదన్నమాట. మీ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపుతున్నారో చెప్పే 'రువా' రిపోర్టులు కొన్ని వారాలు చదివి, మీ తరఫున మెయిల్ పంపే ప్రతి సర్వీసునూ సరిచేసి, క్వారంటైన్‌కు (స్పామ్‌లోకి తోయడం), ఆపైన రిజెక్ట్‌కు (తిప్పికొట్టడం) వెళ్ళండి. డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్ రికార్డు. ఒకే డొమైన్‌కు అవి రెండుంటే పర్మ్-ఎర్రర్ వస్తుంది, అంటే ఎస్‌పీఎఫ్ పనిచేయదు. ఇన్‌క్లూడ్‌లు (వేరే సర్వీసుల ఎస్‌పీఎఫ్‌ను కలుపుకోవడం) పెరిగి, డీఎన్ఎస్‌లో (డొమైన్ రికార్డులుండే వ్యవస్థ) వెతుకులాటలు, అంటే లుకప్‌లు, 10 దాటినా అంతే. డీఎన్ఎస్‌లో పెట్టే 2048 బిట్ల డీకిమ్ కీ (సంతకాన్ని సరిచూసేది) ఒక టెక్స్ట్ స్ట్రింగ్‌కు ఉన్న 255 అక్షరాల హద్దులో పట్టదు, రెండు స్ట్రింగులుగా విడగొట్టాలి. కొన్ని డీఎన్ఎస్ ప్యానెళ్ళు ఆ పని చేయకుండా కీని మధ్యలో కత్తిరిస్తాయి, సంతకాలన్నీ ఫెయిల్ అవుతాయి. మెయిలే పంపని డొమైన్‌కు ఎస్‌పీఎఫ్‌లో 'మైనస్ ఆల్' (ఎవరికీ అనుమతి లేదు) ఒక్కటే పెట్టి, డీమార్క్‌ను మొదటి రోజు నుంచే రిజెక్ట్‌లో ఉంచండి.