యాంటీబయాటిక్ చీటీ చేతికిచ్చి, "ఇప్పుడే వాడకండి" అంటే రోగులు ఆగుతారా?

కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన మీ సందేహం రెండు ముక్కలు. యాంటీబయాటిక్ రాసిచ్చి "మూడు రోజులు చూడండి, తగ్గకపోతేనే వాడండి" అంటే ఎవరైనా నిజంగా ఆగుతారా? అసలు ఇది "మందు అక్కర్లేదు" అని ముఖం మీద చెప్పలేని డాక్టరు వేసే ఎత్తు కాదా? ఇరవై ఏళ్లకు పైగా జనరల్ ప్రాక్టీసులో ఉన్నాను. చాలామంది ఆగుతారు. ఎత్తా అంటే, కొన్నిసార్లు అవును, నేనూ వేశాను.

ఆగుతారన్నది నా ఒక్కరి అనుభవమే కాదు. 1997లో ఇంగ్లండులో పాల్ లిటిల్ బృందం గొంతునొప్పితో వచ్చిన 716 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. కొందరికి వెంటనే మందు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు, మిగిలినవారిని మూడు రోజులు చూసి తగ్గకపోతే వచ్చి తీసుకోమన్నారు. ఆ చివరి గుంపులో 69 శాతం మంది మందు వాడనే లేదు. గొంతునొప్పి తగ్గడంలో మూడు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చెవిపోటు సంగతి కాస్త వేరు. అదే బృందం 2001లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో, వెంటనే మందు వాడినవారికి బాధ సుమారు ఒక రోజు ముందు తగ్గింది, కానీ విరేచనాలు 19 శాతం మందికి పట్టుకున్నాయి. ఆగిన గుంపులో 9 శాతమే. ఈ అంకెలు తల్లిదండ్రుల ముందు పెడితే నొప్పికి పారాసిటమాల్ వేస్తూ ఆగుదామని వాళ్లే అంటారు. అందరూ కాదు, కానీ మీరు అనుకునేదానికన్నా ఎక్కువమంది.

అయితే చీటీ దానంతట అది పనిచేయదు. దానితోపాటు మీరు చెప్పే మాట పనిచేస్తుంది. "కొన్నాళ్లు చూడండి" అంటే ఒకరికి సాయంత్రం వరకు, ఇంకొకరికి నెల. జబ్బు మామూలుగా ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పాలి: గొంతునొప్పి వారం, చెవిపోటు మూడు రోజుల నుంచి వారం, దగ్గు మూడు నాలుగు వారాలు. దగ్గు అన్నాళ్లుంటుందని తెలియక, పదో రోజున మందు పనిచేయలేదని ఇంకో మందు కోసం వచ్చేవాళ్లు ఎంతమందో! చీటీ మీద తేదీ కూడా వేయండి. ఒకావిడ నేను పిల్లవాడి చెవికి రాసిచ్చిన చీటీని భద్రంగా దాచి, ఆరు నెలల తర్వాత జలుబు చేసినప్పుడు బయటికి తీశారు. ఆవిడను తప్పుపట్టలేదు. పారేయమని నేను చెప్పలేదు కదా.

ఇంకో మాట. చీటీ రాసే ముందు, వాళ్లకు మందు కావాలా అని అడగండి. న్యుమోనియా కాదని చెబితే చాలు, లేచి వెళ్లిపోయేవారు నాకు రోజూ తగులుతారు. అలాంటివారికి అడగని చీటీ ఇస్తే, వాళ్లకు లేని అనుమానం మనమే అంటించినట్టు.

ఇక ఎత్తు సంగతి. మధుమేహం ఉన్న, అరవై దాటిన ఒకాయన దగ్గుతో వచ్చారు. ఊపిరితిత్తుల చప్పుడు ఒక పక్క నాకు తేడాగా అనిపించింది, కానీ ఖాయంగా చెప్పలేకపోయాను. బయట ఇంకా చాలామంది ఉన్నారు. ఆక్సిజన్ చూడలేదు, ఎక్స్‌రేకి పంపలేదు, చీటీ రాసి "మూడు రోజులు ఆగి వాడండి" అన్నాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. రెండో రోజుకే ఆయాసం మొదలైంది. అయినా డాక్టరు మూడు రోజులన్నారని ఆగారు. మూడో రోజు ఆయన కొడుకు ఆసుపత్రికి తీసుకెళ్తే న్యుమోనియా అని తేలింది. కోలుకున్నారు. నేను మాత్రం చాలాకాలం కోలుకోలేదు.

ఆ రోజు నేను వాయిదా వేసింది మందును కాదు, నా నిర్ణయాన్ని. రోగికి పెద్ద ప్రమాదం లేదని మనకు నమ్మకం కుదిరినప్పుడే ఈ పద్ధతి. జబ్బేమిటో తేలక మనం తడబడుతున్నప్పుడు ఇది పనికిరాదు. అప్పుడు పరీక్ష చేయాలి, లేదా మర్నాడు మళ్లీ చూడాలి. ఊపిరి వేగంగా తీస్తున్నవారికి, బాగా నీరసించినవారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారికి, రెండు చెవులకూ ఇన్ఫెక్షన్ ఉన్న రెండేళ్లలోపు పిల్లలకు నేను ఆగమని చెప్పను.

అప్పటి నుంచి చీటీ వెనక చేత్తో రాసిస్తున్నాను: ఫలానా తేదీ దాకా ఆగండి, ఆయాసం, ఛాతీలో నొప్పి, మాటలో తికమక, మింగలేకపోవడం – వీటిలో ఏది కనబడినా ఆగకుండా రండి. ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. ఏ చీటీ ఇచ్చినా ముందు తిప్పి వెనక వైపు చూస్తారు.